పై కేబిన్‌లో బావగారు

ఆ మంగళవారం కల్యాణి చెయ్యవలసిన పనులు ఇవి:

నాలుగున్నరకి కుళాయి వస్తుంది, డ్రమ్ము నింపాలి.
అత్తయ్యకి బీపీ మాత్ర ఇవ్వాలి.
నాలుగు డబ్బాలు కట్టాలి.
సోనీ స్కూలు బెల్టు ఊడిన చోట కుట్టాలి.
గాజులు తీసి దాచాలి.
హెల్మెట్‌కి కొత్త పట్టీ వేసుకోవాలి.
ఏడున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి.
పైకి చూడాలి.

మొదటి ఏడు పనులూ కల్యాణి చెబుతుంటే కూతురు సోనీ తన హిందీ నోటుపుస్తకం చివరి కాగితం మీద రాసింది. ఎనిమిదోది ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ళ పిల్ల, తనంతట తనే రాసి, దాని కింద రెండు గీతలు కొట్టి, కాగితం చింపి గ్యాస్ పొయ్యి వెనక గోడకి అన్నం మెతుకుతో అంటించింది.

ఆ రెండు గీతలు ఎందుకో, గత వారం కథ చదవని వాళ్ళకి చెప్పాలి.

హిందీ మాట్లాడే ఉక్కు ఊరిలో, బిర్సానగర్ పేటలో ఉండే కల్యాణి ఎనిమిదేళ్ళుగా ఒక పెద్ద రిపేరు వర్క్‌షాపులో కాంట్రాక్టు రేజా. తట్టలు మోసి, ఇనప పొట్టు ఊడ్చి, ఎత్తిపోసే ఆడకూలీని ఇక్కడ రేజా అంటారు. ఈ ఏడు ఆ వర్క్‌షాపులో ఆడవాళ్ళని కూడా క్రేన్ సిగ్నల్‌మ్యాన్ పనికి తీసుకుంటామంటే కల్యాణి పేరు ఇచ్చింది. ఆరు వారాలు నేర్చుకుంది. రాతపరీక్ష గట్టెక్కింది. చేతి పరీక్ష మిగిలింది. నేల మీద నిలబడి, ముప్ఫై అయిదు అడుగుల ఎత్తున కేబిన్‌లో కూర్చున్న ఆపరేటరు కళ్ళలోకి చూస్తూ, చేతి సైగలతో ఒక బరువు ఎత్తించి దింపించాలి.

మొన్న శనివారం ఆ పరీక్ష జరిగింది. కల్యాణి తల ఎత్తింది. రెండో నంబరు క్రేన్ కేబిన్‌లో ఆదిబాబు కూర్చుని ఉన్నాడు. ఆమె భర్త గౌరీశంకర్‌కి సొంత అన్న. ఆమెకి బావగారు.

టెక్కలి వైపు నుంచి వచ్చిన ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తమ్ముడి భార్య భర్త అన్నగారి ఎదటపడదు. పడితే తల దించుకుని తప్పుకుంటుంది. మాట్లాడదు. ఆయన కూడా ఆమె మొహం చూడడు, పేరు పెట్టి పిలవడు. అందులో కోపం లేదు, చిన్నచూపు లేదు. మర్యాద అనుకుంటారు. పన్నెండేళ్ళ కాపురంలో కల్యాణికి బావగారి చెప్పులు తెలుసు, దగ్గు తెలుసు, సైకిలు స్టాండు వేసే చప్పుడు తెలుసు. మొహం మాత్రం సరిగ్గా తెలీదు.

అలవాటు ఎంత బలమైనదంటే, శనివారం నాడు చెయ్యి పైకి లేచింది, చూపు నేల మీదికి జారిపోయింది. హుక్కు ఎటు పోతోందో చూడకుండా కల్యాణి నేలని చూస్తూ చెయ్యి తిప్పింది. పరీక్ష పెడుతున్న సేఫ్టీ ఇంజనీరు సౌరభ్ విజిల్ ఊది ఆపించాడు. ఇంకొక్క అవకాశం ఇచ్చాడు, మంగళవారం. అదీ పోతే ఆమె పేరు కొట్టేస్తారు. బుధవారం నుంచి మళ్ళీ చీపురే.

*

మంగళవారం అయిదు గంటలకి వంటింట్లో ఉప్మా దింపి, కల్యాణి ఒక పళ్ళెంలో పెట్టి గుమ్మం అవతల పీట మీద ఉంచింది. గరిటతో మూకుడు అంచు మీద రెండుసార్లు కొట్టింది. టంగు, టంగు.

వరండాలో చెప్పులు కదిలాయి. ఆదిబాబు వచ్చి పళ్ళెం తీసుకుని వెళ్ళాడు. ఆయన ఆరింటి షిఫ్టుకి పోవాలి.

ఆరేళ్ళ కిందట తోటికోడలు శ్రీదేవి జబ్బు చేసి పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఇదే భాష. రెండు దెబ్బలు కొడితే తిండి సిద్ధం. ఒక్కటి కొడితే మంచినీళ్ళు పెట్టాను అని. మూడు కొడితే ఎవరో వచ్చారు, చొక్కా వేసుకోండి అని. ఆయనకి ఇంకొంచెం కూర కావాలంటే పళ్ళేన్ని నేల మీద ఒకసారి తిప్పుతాడు. ఆరేళ్ళలో ఒక్క పూట భోజనం ఆలస్యం కాలేదు, ఒక్క మాట నడవలేదు.

వంటింటి గడపలో కూర్చున్న అత్తగారు పైడమ్మ వరండాకేసి గొంతు పెంచింది.

"పెద్దోడా, ఈ పాలి సెలవు ఎట్టీ. ఒంట్లో బాగోనేదని ఫోను సేసి సెప్పీ. ఇంకోడెవుడైనా ఆ బండి ఎక్కుతాడు. పిల్ల పరీక్ష గట్టెక్కిపోద్ది."

పైడమ్మ కోడలివైపు తిరిగింది.

"ఏటే, నాను సెప్పింది బాగోనేదా? నలుగురు మొగోళ్ళ మద్దిన బావ మొకంలోకి మొకం ఎట్టి, అటెళ్ళు ఇటెళ్ళు అని సెయ్యూపుతావేటి? మా అత్త బతికుంటే నన్ను కూడా కలిపి ఏసీసును."

కల్యాణి బెల్టు కుడుతోంది. సూది ఆపలేదు.

వరండాలో ఆదిబాబు గొంతు సవరించుకున్నాడు. "సోనీ, ఇలా రామ్మా. మీ అమ్మని అడుగు. నన్ను సెలవు ఎట్టమంటాదా అని."

సోనీ నోట్లో బ్రష్షుతో గుమ్మం మధ్య నిలబడింది. ఇటు నాలుగడుగుల దూరంలో తల్లి, అటు నాలుగడుగుల దూరంలో పెదనాన్న. ఇద్దరికీ అన్నీ వినపడుతున్నాయి.

"మమ్మీ, బడే పాపా పూఛ్ రహే హైఁ, ఛుట్టీ లే లూఁ క్యా?"

"వద్దని చెప్పు" అంది కల్యాణి.

"బడే పాపా, మమ్మీ బోలీ నహీఁ."

"ఎందుకొద్దో అడుగు."

"మమ్మీ, క్యూఁ?"

కల్యాణి దారం పళ్ళతో తెంపింది. ఈ మాట ఆమె రెండు రోజులుగా లోపల నలుపుకుంటూనే ఉంది, కానీ బయటికి అనడం ఇదే మొదలు. "అక్కడ ఉన్నవి మూడు క్రేన్లు. అందులో ఒకటి మీ పెదనాన్నది. ఈవేళ ఆయన సెలవు పెడితే నేను పాసయిపోతాను. రేపు ఆయన వత్తారు. అప్పుడు నేను సెలవు పెట్టాలా? ఆయన లేని రోజున మాత్రమే పని చేసే సిగ్నల్‌మ్యాన్‌ని ఎవరు పెట్టుకుంటారు? పాసయితే ఆయన ఉండగానే పాసవ్వాలి."

సోనీ బ్రష్షు తీసి, ఇదంతా హిందీలో ఎలా చెప్పాలో ఆలోచించి, చివరికి, "బడే పాపా, ఆప్‌నే సున్ లియా నా?" అంది, మీరే విన్నారు కదా అని.

వరండాలో చిన్న నవ్వు వినపడింది. పళ్ళెం కింద పెట్టిన చప్పుడయింది. సైకిలు స్టాండు తీశాడు, డబ్బా తగిలించుకున్నాడు, వెళ్ళిపోయాడు.

పైడమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. డెబ్భై ఏళ్ళ మనిషి. ఆమె కూడా ఒకప్పుడు ఇటుకలు మోసిన రేజాయే. మాట కటువు, మనసు అంత కాదు.

"మరి శనోరం నాడు ఈ నోరు ఏటయిపోనాది?"

"నోటితో పనేముంది అత్తా? చూడ్డమే చాతకాలేదు. ఆయనకి నేనేంటి, చెప్పడమేంటి అనిపించింది."

"సెప్పడమేటా?" పైడమ్మ మాత్ర మింగి గ్లాసు కింద పెట్టింది. "ఆరేళ్ళ నుంచి నువ్వు గిన్నె కొడతన్నావు, ఆడు లెగిసి వత్తన్నాడు. నువ్వు కొట్టకపోతే ఆడు అలాగే కూకుంటాడు గాని ఒక్కనాడైనా ఆడంతట ఆడు లోపలికి వచ్చినాడా? ఇంట్లో ఆడికి సిగ్నలు ఇచ్చీది నువ్వు కాక నానా? ఇక్కడ ఉప్మా, అక్కడ ఇనుము. అంతే కదేటే."

అలా అనేసి, తను అన్నది తనకే నచ్చనట్టు మొహం ముడుచుకుంది. "నాను ఒప్పుకున్నానని మాత్రం ఎవులికీ సెప్పకు. బేగి పో, టైమయిపోతంది."

కల్యాణి గాజులు తీసింది. మట్టిగాజులు మణికట్టు దగ్గర ఎప్పుడూ కొంచెం పట్టేస్తాయి, సబ్బు రాస్తే గానీ రావు. ఆ రోజు వాటంతట అవే జారి వచ్చాయి. ఆరువారాల శిక్షణలో ఆమె సన్నబడిందో, ఇంకేమిటో మరి.

*

ఎనిమిది గంటలకి పని మొదలయ్యే ముందు అందరూ గుండ్రంగా నిలబడతారు. అయిదు నిమిషాలు జాగ్రత్తలు చెబుతారు. ఆ రోజు చెప్పింది సౌరభ్. ముప్ఫై ఏళ్ళు దాటని కుర్ర ఇంజనీరు, ఎవరినీ కసరడు, కానీ రూలు దగ్గర వెంట్రుకవాసి వదలడు.

"సిగ్నల్ ఏక్ హీ ఆద్మీ దేగా" అన్నాడు వేలు చూపించి. సైగ ఒక్కరే ఇవ్వాలి, ఇద్దరిస్తే ఆపరేటరు ఎవరి మాట వింటాడు? "లేకిన్ స్టాప్? స్టాప్ కోయీ భీ దే సక్తా హై." ఆపమని మాత్రం ఎవరైనా చెప్పవచ్చు, చీపురు పట్టుకున్న మనిషయినా సరే. ఆపమన్న చెయ్యి చూశాక ఆపరేటరు ఆపి తీరాలి.

బరువులకి తాళ్ళు కట్టించే రిగ్గింగ్ ఫోర్‌మన్ నాగేంద్రబాబు ఇవన్నీ ఆవలిస్తూ విన్నాడు. పలాస వైపు మనిషి, ఇరవై ఏడేళ్ళ సర్వీసు. ఆయన ఎన్నడూ పుస్తకంలో చెప్పినట్టు చెయ్యి చాపడు. జేబులో ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేతి చూపుడువేలు కొంచెం ఆడించి, నోట్లో విజిల్ ఊదుతాడు. క్రేన్లు కదులుతాయి. అదే గొప్పతనమని ఆయన నమ్మకం, చాలామంది నమ్మకం కూడా.

"ఏటమ్మా కల్యాణీ" అన్నాడు గుంపు విడిపోతుంటే. "ఈవేళ కూడా నేలకే సిగ్నలు ఇత్తావా? నేలకి మోటారు లేదమ్మా, కదలదు."

నలుగురు నవ్వారు. శనివారమయితే కల్యాణి కూడా నవ్వి తప్పుకునేది. ఎవరైనా తనని ఎగతాళి చేస్తే వాళ్ళతో కలిసి నవ్వడం ఆమె ఎనిమిదేళ్ళలో నేర్చుకున్న ఉపాయం. నవ్వితే వాళ్ళు తొందరగా వదిలేస్తారు.

"లేదు బాబుగారూ" అంది. "ఈవేళ పైకే ఇత్తాను. మీరు కూడా పైకే చూడండి, కింద ఏం జరుగుతందో నేను చూసుకుంటాను."

ఆయన నోట్లో విజిల్ అలాగే ఉండిపోయింది. నవ్విన నలుగురూ ఈసారి ఆయన్ని చూసి నవ్వారు.

*

పది గంటలకి పరీక్ష. పది టన్నుల ఉక్కు రోలరు నేల మీద ఉంది. దాన్ని ఎత్తి, ఇరవై గజాలు తీసుకువెళ్ళి, ఇనప స్టాండు మీద పరిచిన చెక్క దిమ్మల మీద దింపాలి. దింపే చోట దిమ్మలు సరిగ్గా కూర్చోకపోతే రోలరు పక్కకి దొర్లుతుంది. పది టన్నులు దొర్లడం మొదలైతే దాన్ని ఆపేది ఏదీ లేదు.

కల్యాణి పొడుగు చేతుల పసుపురంగు సేఫ్టీ జాకెట్టు వేసుకుని, గీత గీసిన చోట నిలబడింది. తాళ్ళు, కొక్కేలు ఒకదాని తర్వాత ఒకటి చేత్తో పట్టి చూసింది. సౌరభ్ చేతిలో కాగితం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నాగేంద్రబాబు అవతలి స్తంభానికి ఆనుకున్నాడు. పక్క బేలో, అంటే స్తంభాల అవతలి వరసలో, ఊడుస్తున్న రత్నం చీపురు ఆపి చూస్తోంది. కల్యాణి శిక్షణకి పోయిన దగ్గర్నుంచి ఆమె చీపురు అందుకున్న మనిషి ఆ రత్నమే.

కల్యాణి తల ఎత్తింది.

కేబిన్ అద్దం వెనక బావగారి మొహం ఉంది. నెరిసిన మీసం. గడ్డం మీద, ఆమె భర్తకి ఉన్న చోటనే, నల్లటి పెద్ద పుట్టుమచ్చ. ఈ మచ్చ అన్నదమ్ములిద్దరికీ ఉందని కల్యాణికి ఆ రోజే తెలిసింది. చూపు కిందికి జారబోయింది. మెడ గట్టిపెట్టి నిలిపింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంది. మొహం మొహమే. ఏమీ కాలేదు.

అప్పుడు జరగకూడనిది జరిగింది. ఈసారి ఆదిబాబు తల తిప్పుకున్నాడు.

ఆమె తల పైకి లేవగానే, పాపం, ఆయనకీ అలవాటే అడ్డం వచ్చింది. పక్కన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. కల్యాణి చెయ్యి ఎత్తి నిలబడే ఉంది. చూడవలసిన మనిషి చూడడం లేదు. క్షణాలు గడుస్తున్నాయి. సౌరభ్ కాగితం మీద ఏదో రాసుకోబోయాడు. నాగేంద్రబాబు ఇకిలించాడు.

"ఇద్దరికీ మేలిముసుగు ఎయ్యాల" అన్నాడు.

కల్యాణి అటూ ఇటూ చూసింది. బల్ల మీద ఒక రెంచి ఉంది. దాన్ని తీసుకుంది. పక్కనున్న ఇనప స్తంభం దగ్గరకి రెండడుగులు వేసి, రెండు దెబ్బలు కొట్టింది.

టంగు, టంగు.

ఆ చప్పుడు స్తంభం వెంట పైకి పాకి రేకుల కప్పు దాకా వెళ్ళింది. కేబిన్‌లో ఆదిబాబు ఉలిక్కిపడి, ఆలోచించే లోపలే, కిందికి చూశాడు. ఆరేళ్ళుగా ఆ రెండు దెబ్బలకి లేచి వస్తున్న మనిషి, చూడకుండా ఎలా ఉంటాడు? చూశాక తనే నవ్వుకున్నాడు. అద్దం వెనక మీసం కదలడం కింద నుంచి కల్యాణికి కనిపించింది.

రెంచి పక్కన పెట్టి, ఆమె గీత మీదికి వచ్చింది. కుడిచెయ్యి నిలువుగా ఎత్తి, చూపుడువేలు పైకి పెట్టి, గుండ్రంగా తిప్పింది. ఎత్తు.

తాళ్ళు బిగిశాయి. రోలరు నేల వదిలింది. జానెడు లేవగానే ఆపించి, బరువు ఏ వైపుకీ ఒరగడం లేదని చూసుకుని, మళ్ళీ ఎత్తించింది. చెయ్యి చాపి ముందుకి తోసినట్టు చూపింది. క్రేన్ కదిలింది. ఆమె దానితోపాటు నడిచింది, బరువుకి ఒక పక్కన, కేబిన్‌కి కనపడుతూ. ప్రతి సైగా పూర్తిగా, చెయ్యి చివరికంటా చాపి ఇచ్చింది. శిక్షణలో అలాగే నేర్పారు, ఆమెకి వేరే పద్ధతి తెలియదు. పది టన్నుల ఇనుము ఆమె చెయ్యి వెంట వస్తోంది. శిక్షణకి ముందు తట్టెడు ఇనప పొట్టు ఎత్తాలంటే పక్క మనిషిని చెయ్యి వెయ్యమని బతిమాలుకునేది.

స్టాండు దగ్గరికి వచ్చారు. కల్యాణి అరచెయ్యి అడ్డంగా చాపి ఆపింది. వేలు కిందికి చూపి, రెండో చెయ్యి పైన అడ్డం పెట్టింది. మెల్లగా దింపు.

రోలరు దిగుతోంది. మోకాలెత్తు ఉందనగా కల్యాణి వంగి రోలరు కిందికి చూసింది. అవతలి వైపు చెక్క దిమ్మ ఒకటి పక్కకి జరిగి ఉంది. ఇందాక ఎవరి కాలో తగిలి ఉంటుంది. రోలరు దాని అంచు మీద కూర్చోబోతోంది. ఆ వైపు కేబిన్‌కి కనపడదు, సౌరభ్‌కి కనపడదు, స్తంభానికి ఆనుకున్న నాగేంద్రబాబుకి కూడా కనపడదు. చూడగలిగిన చోట ఉన్నది ఒక్క కల్యాణి.

ఆమె ఒక్కసారిగా నిటారుగా నిలబడి రెండు చేతులూ రెండు వైపులా బారుగా చాపింది. ఆపు.

రోలరు గాలిలో ఆగింది.

"ఏటిప్పుడు?" నాగేంద్రబాబు విసుక్కున్నాడు. "మోకాలెత్తులో ఆపీసిందేటి? భయమేసిపోనాదా?" అలవాటు ప్రకారం వేలు ఆడించి విజిల్ ఊదాడు. దింపమని. ఇరవై ఏడేళ్ళుగా ఆ విజిల్‌కి ఆగని క్రేన్ లేదు, కదలని క్రేన్ లేదు.

కల్యాణి చేతులు దించలేదు. చూపు కేబిన్ మీదే ఉంది. ఒక వైపు విజిల్, ఒక వైపు ఆ చేతులు. ఆదిబాబు ఎవరి మాట వింటాడో ఆమెకి తెలియదు. నాగేంద్రబాబుతో ఆయనకి పదిహేనేళ్ళ స్నేహం. ఇద్దరూ రోజూ ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుని తింటారు.

విజిల్ రెండోసారి మోగింది.

రోలరు కదల్లేదు.

"విజిల్ తియ్యండి బాబుగారూ" అంది కల్యాణి. అరవలేదు. బిగ్గరగా మాత్రం అంది, పక్క బేలో రత్నానికి కూడా వినపడేటంత. "సిగ్నల్ ఇచ్చేది ఒక్కరే. ఇప్పుడు ఆ ఒక్కరూ నేను. మీకు కూడా అనుమానం ఉంటే ఇటు వచ్చి, వంగి, ఆ దిమ్మ చూడండి. అప్పుడు మాట్లాడదాం."

నాగేంద్రబాబు మొహం కందిపోయింది. అయినా వచ్చాడు. పనిమీద ప్రాణం ఉన్న మనిషి కనక వచ్చాడు. వంగి చూశాడు. కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. లేచినప్పుడు నోట్లో విజిల్ లేదు, చేతిలో ఉంది.

"దొర్లిపోవును" అన్నాడు మెల్లగా, ఎవరితోనూ కాదు. తర్వాత కల్యాణితో అన్నాడు, "నా కళ్ళు అటు పోనేదమ్మా. నువ్వు కానీ. నాను దిమ్మ సరి సేత్తాను."

ఇనప కొక్కేన్ని పొడుగు కర్రకి తగిలించుకుని, బరువు కిందికి చెయ్యి పెట్టకుండా, దిమ్మని లోపలికి లాగి సరిచేశాడు. వెనక్కి తప్పుకుని కల్యాణికేసి చూశాడు. ఇరవై ఏడేళ్ళ సర్వీసు ఉన్న ఫోర్‌మన్, నిన్నటి రేజా చెయ్యి కదపడం కోసం ఎదురు చూశాడు.

కల్యాణి చెయ్యి కిందికి చూపింది. రోలరు దిమ్మల మీద కూర్చుంది, పసిపిల్లని ఉయ్యాలలో పడుకోబెట్టినంత మెత్తగా. తాళ్ళు వదులయ్యాయి.

సౌరభ్ కాగితం మీద సంతకం పెట్టాడు. కలం మూసి, "కల్యాణి జీ, ఐసే హీ కర్నా. రోజ్ ఐసే హీ" అన్నాడు, రోజూ ఇలాగే చెయ్యమని. అంతే. ఆయన అంతకంటే ఎవరినీ మెచ్చుకోడు. రత్నం చీపురు అక్కడే పడేసి వచ్చి కల్యాణిని హెల్మెట్‌తో సహా వాటేసుకుంది.

"ఓలమ్మా, నువ్వు ఆడిని విజిల్ తియ్యమన్నావే. నా చెవులతోటి విన్నాను. వచ్చే బేచ్‌లో నా పేరు కూడా రాయించీ."

"రాయిత్తాను. ముందు పోయి చీపురు తీసుకో, ఎవరైనా తన్నుకుని పడిపోతారు" అంది కల్యాణి. ఒక మాట చెప్పి, ఆ మాట నిలబడితే ఎలా ఉంటుందో ముప్ఫై నాలుగేళ్ళకి మొదటిసారి తెలిసింది. ఇంతకాలం ధైర్యం అంటే భయం లేకపోవడం అనుకునేది. రెండు చేతులూ చాపి నిలబడ్డంతసేపూ ఆమెకి భయం వేస్తూనే ఉంది. చేతులు మాత్రం దించలేదు. అది చాలు.

మధ్యాహ్నం బోర్డు మీద మర్నాటి పని వేశారు. సిగ్నల్‌మ్యాన్ అన్న వరసలో, నీలం సుద్దతో, ఆమె పేరు. ఒకటో నంబరు క్రేన్. కల్యాణి ఫోన్ తీసి ఫొటో తీసుకుంది. భర్తకి పంపింది. గౌరీశంకర్ ఆ సమయానికి సోనారిలో ఎవరినో ఆటోలో దింపుతూ ఉండాలి. వెంటనే ఫోన్ చేశాడు.

"పాసయిపోనావా? అన్నయ్య ఉండగానే?"

"ఉండగానే."

అవతల వెనక సీట్లో ఎవరితోనో అంటున్నాడు, "మేరీ ఘర్‌వాలీ హై భయ్యా, క్రేన్ చలవాతీ హై." మా ఆవిడే, క్రేన్ నడిపిస్తుంది అని. ఆ ముక్కూమొహం తెలియని ప్రయాణికుడు అభినందనలు చెప్పడం కూడా ఫోన్‌లో వినిపించింది.

*

ఆదిబాబు షిఫ్టు రెండింటికే అయిపోతుంది. అయినా కల్యాణి అయిదింటికి గేటు బయటికి వచ్చేసరికి సైకిలు స్టాండు దగ్గర ఆయన ఉన్నాడు. మూడు గంటలు ఎండలో ఉన్నట్టున్నాడు, చొక్కా వీపుకి అంటుకుపోయింది. కల్యాణి అలవాటుగా తల దించి తప్పుకోబోయింది.

"కల్యాణమ్మా."

ఆమె ఆగిపోయింది. ఆ గొంతులో తన పేరు వినడం అదే మొదటిసారి.

ఆయన సైకిలు సీటు మీద చెయ్యి పెట్టి, ఆ చేతినే చూస్తూ మాట్లాడాడు. "మద్దిన సోనీ నేదు. అమ్మ నేదు. అందుకే నానే సెప్తన్నాను. ఈవేళ నువ్వు బాగా సేసినావు. మీ శ్రీదేవక్క ఉంటే సంతోసపడును."

"మీరు విజిల్ వినకుండా ఆపారు" అంది కల్యాణి. తల ఎత్తే అంది. "నా మాట విన్నారు. అదే నాకు పెద్దది బావగారూ."

ఆదిబాబు తల అడ్డంగా ఊపాడు.

"అది కాదమ్మా. విజిల్ వినపడినాది. నాగేంద్ర వేలు కనపడనేదు. ఎప్పుడూ కనపడదు." ఆగాడు. "ఏడాది నుంచి ఎడం కన్ను పొగమంచు లాగుంటాది. ఇప్పుడు రెండోది కూడా. ఆడి వేలు నాకు కనపడదు, విజిల్ విని అందాజాగా నడిపిత్తన్నాను. నువ్వు సెయ్యి బారుగా సాపినావు కాబట్టి కనపడింది. రెండు సేతులూ సాపినప్పుడు పసుపు గీత గీసినట్టు కనపడింది. అందుకే ఆపినాను."

సైకిళ్ళ మీద జనం పోతున్నారు. ఎవరో కల్యాణిని పేరు పెట్టి పిలిచి అభినందించారు. ఆమె వినలేదు.

"వచ్చే నెల కళ్ళ పరీక్ష ఉన్నాది" అన్నాడు ఆదిబాబు. "అంతవరకు నా క్రేన్‌కి నువ్వు ఉండేటట్టు సౌరభ్ సాబ్‌ని అడుగు. నీ సెయ్యి ఉంటే నాను నడపగలను. ఎవులికీ సెప్పకు. తమ్ముడికి కూడా."

"రేపు మీ క్రేన్‌కి నాగేంద్రబాబు గారు. బోర్డు మీద రాసేశారు."

"రేపొక్క రోజుకి ఏటీ కాదు."

కల్యాణి ఆయన మొహంలోకి చూసింది. పొద్దున్న ముప్ఫై అయిదు అడుగుల దూరం నుంచి చూసిన మొహం, ఇప్పుడు మూరెడు దూరంలో ఉంది.

"బావగారూ, మీరు రేపు ఆ క్రేన్ ఎక్కకండి."

పన్నెండేళ్ళలో ఆమె ఆయన్ని అడిగిన మొదటి కోరిక అది. ఆదిబాబు దవడ బిగిసింది.

"పొద్దున్న నీ సెయ్యి ఆపితే ఆగినాను. అది పని. ఇది నా బతుకు. ఇందులో సెయ్యి ఎత్తకు. రేపు ఆరింటికి నాను ఎక్కుతాను. ఈ మాట నీ నోట బయటికి వత్తే, ఆ ఇంట్లో నీ సేతి మెతుకు మళ్ళీ ముట్టను."

సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఎక్కలేదు. నడిపించుకుంటూనే పోయాడు.

గేటు లోపల, బోర్డు మీద, నీలం సుద్దతో ఇంకో వరస కూడా ఉంది. రేపు ఉదయం రెండో నంబరు క్రేన్ తిరిగే బేలో, ఆ బరువుల దారిలో, ఊడ్చేది రత్నం. రేపు ఆరు గంటలకి ఎవరు చెయ్యి ఎత్తుతారో, ఎవరు ఎత్తరో మనకి ఇంకా తెలియదు. అంతవరకు, చదివేవాళ్ళందరికీ ఒక్క మనవి. ఆ రత్నాన్ని గుర్తుపెట్టుకోండి.